సీటు కింది సంచిలో దాచిన రిపోర్టు

మహబూబ్‌నగర్ నుంచి ఒక పాఠకుడు రాసిన నాలుగు పేజీల ఉత్తరం ఇది. పేరు రాయలేదు. ముఖ్యమైన విషయాలు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆయనకు 34 ఏళ్లు, జడ్చర్లలో ఉద్యోగం. భార్యకు 31, ప్రైవేటు స్కూల్లో టీచర్. పెళ్లయి ఐదేళ్లయింది. రెండున్నరేళ్లుగా పిల్లల కోసం చూస్తున్నారు. నాన్న 56 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. అప్పుడు ఈయన బరువు 92 కిలోలు. భయపడి సైకిల్ కొన్నారు. నాలుగేళ్లలో 66 కిలోలకు వచ్చారు. వారంలో నాలుగు రోజులు పొద్దున గంటన్నర, ఆదివారం కల్వకుర్తి దాకా పోయి రావడం. ఇప్పుడు బీఆర్‌ఎం రైడ్లు (గడువు లోపల పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణాలు) చేస్తున్నారు. ఈ సీజన్‌లో 200, 300, 400 కిలోమీటర్లు అయిపోయాయి. అక్టోబరు చివర్లో 600 పూర్తి చేస్తే ‘సూపర్ రాండనీర్’ అవుతారు. 2027 ఆగస్టులో ఫ్రాన్స్‌లో జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్ లాంగ్ రైడ్ తొక్కాలని కల.

భార్య పరీక్షలన్నీ చేయించుకుంది. స్కానింగ్, థైరాయిడ్, ట్యూబ్ టెస్ట్ (అండవాహికలు తెరిచి ఉన్నాయో లేదో చూసే పరీక్ష), అన్నీ నార్మల్. డాక్టరమ్మ ‘మీ ఆయన్ని కూడా టెస్ట్ చేయించుకోమనండి’ అని మూడుసార్లు చెప్పాక ఈయన వెళ్లారు. వీర్యకణాల కౌంట్ మిల్లీలీటరుకు 90 లక్షలు, కదలిక 31 శాతం, సరైన ఆకారంలో ఉన్నవి 3 శాతం. ఆ కాగితం ఎవరికీ చూపించలేదు. మడతపెట్టి సైకిల్ సీటు కింద ఉండే పంక్చర్ కిట్ సంచిలో పెట్టారు. భార్య ఆ సంచి ఎప్పుడూ తెరవదట.

మధ్యలో అమ్మ కోడలిని మన్యంకొండ గుడికి తీసుకుపోయి మొక్కించింది. చుట్టాలింట్లో తొట్టెల ఫంక్షన్‌కు పోతే ఒకావిడ పాపను ఈమె చేతికి ఇవ్వకుండా పక్కకు జరిగింది. ఆ రాత్రి భార్య ఏడ్చిందని, తాను గోడవైపు తిరిగి పడుకున్నానని రాశారు. అమ్మ మాత్రం సైకిల్‌ను కూడా వదలడం లేదు: ‘ఆ సైకిల్ అమ్మెయ్యి బిడ్డా, దానివల్లనే పిల్లలు అయితలేరు అంటున్నరు అందరు.’

ఆయన ప్రశ్నలు రెండు. నిజంగా సైకిల్ వల్లేనా? అమ్మేయాలా?

—

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు రెండే ప్రశ్నలు అడిగారు. మూడోది అడగలేదు గానీ, ఉత్తరం నిండా ఉన్నది అదే: భార్యకు ఎలా చెప్పాలి? దానికి తప్పకుండా వస్తాను. ముందు సైకిల్ సంగతి చూద్దాం. మీ మనసులో ఆ భయం తేలితే తప్ప మిగతావి వినబుద్ధి కాదు.

వృషణాలు ఒంటి బయట ఉండడానికి కారణం ఉంది. వీర్యకణాలు తయారవ్వాలంటే శరీరం కన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉండాలి. మీరు బిగుతైన ప్యాడెడ్ షార్ట్స్ వేసుకుని, సన్నని సీటు మీద ముందుకు వంగి, మన పాలమూరు ఎండలో గంటల తరబడి కూర్చుంటారు. గాలి ఆడదు, వేడి పెరుగుతుంది, ఒత్తిడి పడుతుంది, రాపిడి ఉంటుంది. అందువల్ల డాక్టర్లకు ఈ అనుమానం ఎప్పటినుంచో ఉంది.

అనుమానం వేరు, రుజువు వేరు. 2011లో అమెరికాలో బోస్టన్ వైపు ఐవీఎఫ్ (అండాన్నీ వీర్యకణాన్నీ ఒంటి బయట కలిపే చికిత్స) కోసం వచ్చిన రెండు వేల మందికి పైగా మగవాళ్లను చూశారు. వారానికి ఐదు గంటలు, ఆపైన సైకిల్ తొక్కేవాళ్లలో కౌంట్ తక్కువగా ఉండే అవకాశం దాదాపు రెట్టింపు కనిపించింది. మిగతా వ్యాయామాలు చేసేవాళ్లలో అలాంటి తేడా లేదు. కానీ వాళ్లందరూ అప్పటికే పిల్లలు కలగక ఆస్పత్రికి వచ్చిన జంటల్లోని వాళ్లు. 2014లో బ్రిటన్‌లో ఐదు వేల మందికి పైగా సైకిలిస్టులను అడిగితే, ఎక్కువ గంటలు తొక్కడానికీ సంతానలేమికీ సంబంధం కనిపించలేదు. స్పెయిన్‌లో ట్రయాథ్లెట్ల (ఈత, సైకిల్, పరుగు మూడూ కలిపి పోటీ పడేవాళ్ల) మీద చేసిన చిన్న పరిశీలనలో వారానికి 300 కిలోమీటర్లు దాటి తొక్కేవాళ్లలో సరైన ఆకారంలో ఉన్న కణాలు 4 శాతం కన్నా తక్కువ ఉన్నాయి. వీటన్నిటినీ కలిపి చూస్తే నాకు అర్థమైంది ఇది: మామూలుగా సైకిల్ తొక్కేవాడు భయపడాల్సింది లేదు. మీలా వారానికి పది, పన్నెండు గంటలు తొక్కుతూ, కౌంట్ కూడా తక్కువ వచ్చిన మనిషి మాత్రం సైకిల్‌ను అనుమానితుల జాబితాలో రాసుకోవాలి. అనుమానితుడు మాత్రమే, దోషి అని ఇంకా తేలలేదు.

‘మా తాత అట్లాస్ సైకిల్ మీద పాలు పోసి ఏడుగురిని కన్నాడు’ అని మీరు రాశారు. నిజమే కావచ్చు. కానీ ఆయన నిటారుగా కూర్చున్నాడు, వెడల్పాటి స్ప్రింగుల సీటు మీద, వదులు పంచెలో, ఇంటింటికీ దిగుతూ. మీది వేరే కూర్చోవడం. తాతతో పోల్చుకుని ధైర్యపడడమూ వద్దు, అమ్మ మాట విని బెంబేలు పడడమూ వద్దు.

మీ ఉత్తరంలో మీరు మాటవరసకు రాసి వదిలేసిన సంగతులు కొన్ని ఉన్నాయి. నాకు సైకిల్ కన్నా అవి పెద్దగా కనిపించాయి.

ఆగస్టులో మీకు డెంగీ వచ్చింది, వారం రోజులు 103 జ్వరం. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలల దాకా పడుతుంది, బయటికి రావడానికి ఇంకో రెండు వారాలు. అంటే సెప్టెంబరు ఆఖరున మీరు ఇచ్చిన శాంపిల్ ఆ జ్వరం రోజుల్లో తయారవుతున్న కణాలది. గట్టి జ్వరం తర్వాత మూడు నెలల దాకా కౌంట్ పడిపోవడం మామూలే. పైగా శని, ఆదివారాల్లో 400 కిలోమీటర్లు తొక్కి, నిద్ర లేక, మంగళవారం పొద్దున ల్యాబ్‌కు పోయారు. నీరసం పూర్తిగా తగ్గకముందే ఆ 400 ఎందుకు తొక్కారని అడగాలనిపించింది. ఎందుకో మీ ఉత్తరమే చెబుతోంది, కాబట్టి అడగను. ఒక్క రిపోర్టుతో, అదీ ఇలాంటి సమయంలో తీసిన రిపోర్టుతో, ఏ డాక్టరూ తీర్పు చెప్పరు. కనీసం రెండు పరీక్షలు కావాలి.

రెండోది, లాంగ్ రైడ్ తర్వాత ఎడమవైపు బరువుగా లాగినట్టు ఉంటుందని రాశారు. సీటు వల్ల అనుకున్నారు. అయ్యుండచ్చు. వేరికోసీల్ కూడా అయ్యుండచ్చు, అంటే వృషణం పైన రక్తనాళాలు ఉబ్బడం. అది ఎక్కువగా ఎడమవైపే వస్తుంది. మామూలు మగవాళ్లలో వందకు పదిహేను మందికి ఉంటుంది, పిల్లలు కలగని మగవాళ్లలో వందకు ముప్ఫై ఐదు, నలభై మందికి. యూరాలజిస్టు నిలబెట్టి చేత్తో చూస్తే సాధారణంగా తెలిసిపోతుంది. అవసరమైతే డాప్లర్ స్కాన్ రాస్తారు. చేతికి తెలిసేంత ఉండి, కౌంట్ కూడా తక్కువ ఉంటే చిన్న ఆపరేషన్‌తో చాలామందికి మెరుగవుతుంది. మీ సమస్య అంతా ఇదే అయితే సైకిల్ అమ్మేసినా ప్రయోజనం ఉండదు. కాబట్టి ఏ నిర్ణయానికైనా ముందు ఈ పరీక్ష జరగాలి.

మూడోది చెప్పడానికి మీరు సిగ్గుపడినట్టున్నారు. ఏడాదిగా కోరిక తగ్గిందని, అలసట అనుకున్నానని ఒక్క వాక్యం రాసి ముందుకు పోయారు. పొద్దున ఖాళీ కడుపుతో తొక్కుతారు, రాత్రి రెండు పుల్కాలతో సరిపెడతారు. ఖర్చయ్యే శక్తికి తగ్గ తిండి నెలల తరబడి లేకపోతే శరీరం పిల్లల్ని కనే పనిని పక్కన పెడుతుంది. మగ హార్మోను టెస్టోస్టిరాన్ తగ్గుతుంది. ఇది ఓర్పు ఆటలు ఆడే మగవాళ్లలో తెలిసిన విషయమే. పొద్దున పూట హార్మోన్ల రక్తపరీక్ష చేయించండి. మళ్లీ 92కు పోతానేమోనన్న భయం మీ ప్లేటులో కనిపిస్తోంది నాకు. నాన్నగారిని అలా పోగొట్టుకున్న కొడుకు భయం అది. దాన్ని తప్పు పట్టను. కానీ 66 కిలోల మనిషి 92 కిలోల మనిషిలా భయపడుతూ తినకూడదు.

రైడింగ్ గ్రూపులో ఎవరో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ తీసుకుంటే కౌంట్ పెరుగుతుందన్నారట. వద్దే వద్దు. బయటి నుంచి ఆ హార్మోను ఇస్తే లోపల తయారీ ఆగిపోతుంది, కౌంట్ సున్నాకు కూడా పడిపోవచ్చు. జిమ్ వాళ్లు అమ్మే పేరు తెలియని పొడులు కూడా ముట్టుకోవద్దు.

తిమ్మిరి సంగతి అడిగారు. రెండు వందల కిలోమీటర్లు దాటాక కింద స్పర్శ తెలియకపోవడం వేరే సమస్య. వృషణాలకూ మలద్వారానికీ మధ్య ఉండే మెత్తని చోట నరం, రక్తనాళాలు నలిగితే తిమ్మిరి వస్తుంది. దానివల్ల అంగస్తంభన దెబ్బతినవచ్చు గానీ, కౌంట్ తగ్గడానికి అది నేరుగా కారణం కాదు. అమెరికాలో సైకిల్ మీద గస్తీ తిరిగే 90 మంది పోలీసులకు ముందు ముక్కు లేని సీట్లు ఇచ్చి ఆరు నెలల తర్వాత చూస్తే స్పర్శ మెరుగైంది. 2008లో వచ్చిన ఫలితం అది. మీరు సీటు ముక్కు పైకి లేచి ఉందేమో చూడండి. మీ కూర్చునే ఎముకల వెడల్పుకు సరిపోయే, మధ్యలో గాడి ఉన్న సీటు పెట్టించండి. హ్యాండిల్ మరీ కిందికి ఉంటే కొంచెం లేపండి. పది నిమిషాలకోసారి పెడళ్ల మీద లేచి నిలబడండి. ఇంటికి రాగానే తడి షార్ట్స్ మార్చండి. తిమ్మిరి మొదలైతే దిగండి, అక్కడ ఓర్పు చూపించొద్దు.

ఇక ఏం చేయాలన్నది. మీ ముందు నాలుగు దారులున్నాయి.

ఇవాళ్టి నుంచి మూడు నెలలు లాంగ్ రైడ్లు ఆపేయడం ఒకటి. పూర్తిగా కూర్చోమనడం లేదు. పొద్దున నడక, మెల్లగా పరుగు, ఎప్పుడైనా అరగంట సైకిల్ చేసుకోవచ్చు. సంక్రాంతి అయ్యాక మళ్లీ పరీక్ష. అప్పటికి డెంగీ ప్రభావమూ పోతుంది, సైకిల్ ప్రభావమూ పోతుంది. ఇరాన్‌లో రోడ్డు సైకిలిస్టుల మీద చేసిన పరిశీలనలో గట్టి ట్రైనింగ్‌లో పడిపోయిన అంకెల్లో కొన్ని విశ్రాంతి మొదలయ్యాక కోలుకున్నాయి, కౌంట్ మాత్రం నెల తర్వాత కూడా తక్కువగానే ఉంది. ఈ దారిలో నష్టం, ఈ ఏడాది 600 పోతుంది, సూపర్ రాండనీర్ పోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. అంకెలు బాగుపడితే అది జ్వరం తగ్గినందుకా, సైకిల్ ఆపినందుకా అని తేల్చి చెప్పలేం. మీకు కావలసింది బిడ్డ కాబట్టి ఆ లెక్క తేలకపోయినా పరవాలేదనుకుంటే, అన్నిటికన్నా సూటి దారి ఇదే.

600 తొక్కేసి, నవంబరు నుంచి ఆపడం ఇంకొకటి. వైద్యపరంగా నెల ఆలస్యం కొంప ముంచదు, ఆవిడకు 31 ఏళ్లే. కానీ 40 గంటల గడువులో 600 కిలోమీటర్లు, రెండు రాత్రులు సరైన నిద్ర లేకుండా తొక్కాక మూడు నెలల లెక్క మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. అంటే ఫిబ్రవరి దాకా. డెంగీ అయి రెండు నెలలే అయిందన్నది కూడా మరిచిపోవద్దు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ నెలంతా కూడా మాటలు పడేది ఆమే.

మూడోది, వారానికి ఐదు గంటల లోపుకు తగ్గించి, సీటు మార్చి, తిండి సరిచేసుకుని కొనసాగించడం. మనసుకు తేలిక, బరువు భయం ఉండదు. ఫలితం మాత్రం మెల్లగా, మసకగా ఉంటుంది. వేరికోసీల్ లేదని, హార్మోన్లు బాగున్నాయని తేలితే ఇది కూడా తప్పేమీ కాదు.

రైడింగ్ ఏదీ మార్చకుండా నేరుగా ఐయూఐ (వీర్యకణాలను గర్భాశయంలోకి ఎక్కించడం), ఐవీఎఫ్ వైపు పోవడం నాలుగోది. కొందరు అలాగే చేస్తారు. చేసేముందు ఒకటి ఆలోచించండి. కౌంట్ మీది, సూదులు ఆమెకు. ఐవీఎఫ్ అంటే పది, పన్నెండు రోజులు ఆమె పొట్ట చర్మం కిందికి రోజూ హార్మోన్ ఇంజెక్షన్లు, మత్తు ఇచ్చి అండాలు తీయడం, లక్షల్లో ఖర్చు. మీరు మూడు నెలలు ఆగితే తప్పిపోయే అవకాశం ఉన్నదాన్ని, ఆగకుండా ఆమె ఒంటి మీద పెట్టడం నాకు న్యాయంగా అనిపించడం లేదు. రెండో రిపోర్టు కూడా బాగా లేకపోతే అప్పుడు తప్పకుండా వెళ్లండి. ప్యాకేజీల బోర్డులు చూసి కాదు, సంతాన చికిత్సా కేంద్రాలకు వచ్చిన 2021 చట్టం కింద రిజిస్టర్ అయిన కేంద్రమా కాదా అడిగి వెళ్లండి.

సైకిల్ అమ్మడం ఈ నాలుగింటిలో లేదు. మిమ్మల్ని నాన్నగారి దారిలో పోకుండా ఆపింది అదే కదా. గోడకు ఆనించి పెట్టినంత మాత్రాన అది ఎవరికీ హాని చేయదు.

మీ అంకెల గురించి కూడా ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కింది హద్దులు కౌంట్ కోటీ 60 లక్షలు, కదలిక 42 శాతం, ఆకారం 4 శాతం. ఈ హద్దులు ఎలా గీశారంటే, ఏడాది లోపే భార్యకు గర్భం నిలిచిన మగవాళ్ల శాంపిళ్లు తీసుకుని, అందులో అడుగున ఉన్న ఐదు శాతం మంది దగ్గర గీత గీశారు. అంటే ఆ గీత కింద ఉన్నవాళ్లు కూడా తండ్రులయ్యారు. మీ అంకెలు తక్కువే, ఆలస్యానికి కారణం కాగలవు, కానీ తలుపు మూసుకుపోలేదు. ఈసారి శాంపిల్ ఇచ్చేటప్పుడు అంతకుముందు రెండు నుంచి ఏడు రోజులు కలయిక లేకుండా చూసుకోండి. వీలైతే ల్యాబ్‌లోనే ఇవ్వండి. ఇంటి దగ్గర తీస్తే గంట లోపు అందాలి.

ఇంకో చిన్న లెక్క. శనివారం త్వరగా పడుకోవడం, ఆదివారం రైడ్, వచ్చాక నిద్ర, వారంలో నాలుగు రోజులు తెల్లవారుజామున లేవడం. మీ ఇద్దరికీ కలిసి గడిపే రాత్రులు ఎన్ని మిగిలాయి? అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు, నెలకు ఉన్న అవకాశం అంతే. రెండు మూడు రోజులకోసారి దగ్గరైతే తేదీలు లెక్కపెట్టే టెన్షన్ కూడా ఉండదు.

ఇప్పుడు ఆ కాగితం సంగతి.

మీరు చెడ్డవారని నేను అనుకోవడం లేదు. ‘మగతనం మీద మచ్చ పడుతుందని భయపడ్డాను’ అని నిజాయితీగా రాశారు. కౌంటుకూ మగతనానికీ సంబంధం లేదని మీకు తెలుసు, అయినా తెలిసినంత మాత్రాన భయం పోదు. కానీ పిల్లలు ఆలస్యమయ్యే జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ల వైపు కూడా కారణం ఉంటుంది. ఆ మాట తెలియని ఊళ్లో, తెలిసిన మీరు మౌనంగా ఉంటే, ఆ నింద మొత్తం ఒక్క మనిషి మీద పడుతోంది. ట్యూబ్ టెస్ట్ నొప్పి ఆమె భరించింది. మన్యంకొండ మెట్లు ఆమె ఎక్కింది. పాపను చేతికివ్వకుండా పక్కకు జరిగిన ఆవిడను ఆమె చూసింది. ఆ రాత్రికి మీ దగ్గర రిపోర్టు ఉందో లేదో మీరు రాయలేదు. ఉండి ఉంటే, ఆ ఒక్క సంగతికి మీరు క్షమాపణ చెప్పుకోవాలి.

చెప్పకుండా బాగుపడే దారి కూడా ఉంది, నాకు తెలుసు. మూడు నెలలు ఏదో సాకుతో రైడ్లు ఆపి, అంకెలు పెరిగి, బిడ్డ కలిగితే ఎవరికీ తెలియదు. కానీ డాక్టర్ ఫైలులో ఆ రిపోర్టు ఉంటుంది, ఎప్పుడో ఒకరోజు ఆమె ముందు తెరుచుకుంటుంది. అప్పుడామె అడిగేది కౌంట్ గురించి కాదు, ఆ నెలల గురించి.

చెబితే కోపం రావచ్చు. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. పుట్టింటికి పోతాననొచ్చు. వాదించకండి, ‘నీ కోసమే దాచాను’ అని మాత్రం అనకండి, అది నిజం కాదు. బతుకమ్మకు పుట్టింటికి పోయేముందే చెప్పండి. అక్కడ పది మంది ఆడవాళ్ల మధ్య ‘ఇంకా ఏం లేదా?’ అన్న ప్రశ్న వినేటప్పుడు, తప్పు తనది కాదని ఆమెకు తెలిసి ఉండాలి. ఫోనులో వద్దు. కాగితం ఆమె చేతికిచ్చి, చదవనిచ్చి, పక్కన కూర్చోండి.

అమ్మగారికి అంకెలు చెప్పాలా వద్దా అన్నది మీ ఇద్దరి నిర్ణయం. చెబితే కాలనీ మొత్తానికి చేరుతుందని మీ భయం, అది నిజం కావచ్చు. కానీ అంకెలు చెప్పకుండానే ఒక మాట చెప్పొచ్చు: ‘అమ్మా, ఆమె పరీక్షలన్నీ మంచిగున్నయి. ఇప్పుడు డాక్టర్ నన్ను చూస్తున్నరు. ఇగ ఆమెను ఎక్కడికీ తిప్పకు.’ ఇది మీరే చెప్పాలి, భార్యతో చెప్పించకూడదు. భార్య ఎదుటే చెబితే ఇంకా మంచిది. భర్త పోయిన మనిషి, కొడుకు పదే పదే రోడ్డు మీదికి పోతుంటే సైకిల్ మీద కోపం రావడంలో పిల్లల బెంగ ఒక్కటే లేదేమో. లారీల భయం కూడా ఉండొచ్చు. ఒకసారి ఆ సంగతి కూడా అడిగి చూడండి.

600కు పేరు ఇచ్చే గడువు ఈ వారంతో అయిపోతుందని రాశారు. నాలుగు దారుల్లో ఏదన్నది మీరొక్కరే తేల్చకండి. ముందు కాగితం చూపించండి, ఆమెకు ఒకటి రెండు రోజులు టైమ్ ఇవ్వండి, ఇద్దరూ కలిసి యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. ఆ తర్వాతే డబ్బు కట్టాలా వద్దా అన్నది. ఈలోగా గడువు దాటిపోతే పోనివ్వండి, కొత్త సీజన్ నవంబరులో మళ్లీ మొదలవుతుంది.